దశమ భాగం ఎలా తీయాలి, త్యాగం ఎక్కడ మొదలుపెట్టాలి

మా సంఘంలో పదకొండేళ్లు కోశాధికారిగా ఉన్నాను. ఆదివారం ఆరాధన ముగిశాక మరో ఇద్దరు పెద్దలతో కలిసి కానుక సంచులను బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టడం నా పని. కొన్నాళ్లకు నోటును చూసి, దాన్ని ఇచ్చినవారు ఆ మొత్తాన్ని ఎప్పుడు నిర్ణయించుకున్నారో ఊహించగలిగే అలవాటు వచ్చింది. ఇంటి దగ్గరే మడిచి కవరులో పెట్టుకొని తెచ్చిన నోటు తీరు ఒకటి; కానుకల పాట మొదలయ్యాక జేబులో వెతికి, ఉన్నవాటిలో చిన్నదాన్ని ఎంచి, ఎవరికీ కనబడకుండా ఉండచుట్టి వేసిన నోటు తీరు మరొకటి. ఈ రెండో రకం నోటు వేసేవారిని పిసినారులని నేను అనను. వారిలో చాలామంది ఇంటికి చుట్టం వస్తే కోడిని కోసి పెట్టేవారే, పక్కింట్లో చావు జరిగితే రాత్రంతా కూర్చునేవారే. దేవునికి ఎంత ఇవ్వాలో ముందుగా కూర్చొని లెక్క వేసుకోకపోవడం వల్ల, సంచి తమ ముందుకు వచ్చిన ఆ అరనిమిషంలో చేతికి ఏది తగిలితే అది వేసి ఊరుకుంటున్నారు. ఆ లెక్కను, అంటే ఆదాయంలో పదో వంతైన దశమ భాగాన్ని, ఎలా వేసుకోవాలో, వేసుకున్నదాన్ని ఎలా నిలబెట్టుకోవాలో, లెక్కకు మించి ఇవ్వాలనిపించినప్పుడు ఆ భారం ఎవరి మీద పడుతుందో ఎలా చూసుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందుగా, పదో వంతు అంటే ఏమిటో తెలుసుకోండి

లెక్క మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం బైబిలు తెరిచి ఈ విషయం మీద ఉన్న భాగాలను మీరే చదవండి. ప్రసంగంలో విన్న ఒక్క వచనంతో సరిపెట్టుకోవద్దు. మన దగ్గర ఎక్కువగా వినిపించేది మలాకీ 3వ అధ్యాయమే, అందులోనూ ఆకాశపు వాకిళ్లు విప్పుతానన్న మాటే. దానికంటే ముందు అబ్రాహాము యాజకుడైన మెల్కీసెదెకుకు పదో వంతు ఇచ్చిన సంగతి ఆదికాండము 14లో ఉంది. అప్పటికి ధర్మశాస్త్రమే లేదు, కాబట్టి ఆయనను అడిగినవారూ లేరు. సంఖ్యాకాండము 18లో ఆరాధన సేవ చేస్తూ పొలం వాటా లేని లేవీయుల జీవనానికి ఇశ్రాయేలీయుల దశమ భాగాన్ని కేటాయించారు. ద్వితీయోపదేశకాండము 14లో మరొక ఏర్పాటు కనిపిస్తుంది: పంటలో పదో వంతును దేవుడు ఏర్పరచిన స్థలానికి తీసుకువెళ్లి, ఇంటిల్లిపాదీ అక్కడే ఆయన ఎదుట తిని సంతోషించాలి, దూరం ఎక్కువైతే అమ్మి ఆ వెండిని మూటగట్టుకొని వెళ్లి అక్కడ కావలసినవి కొనుక్కోవచ్చు. ప్రతి మూడో ఏడాది మాత్రం ఆ భాగాన్ని ఊళ్లోనే ఉంచి లేవీయుడికి, పరదేశికి, తండ్రి లేని పిల్లలకు, విధవరాలికి పెట్టాలి. వీటన్నిటినీ వేరువేరుగా లెక్కిస్తే ఆ కాలపు కుటుంబం ఏటా ఇచ్చినది పదో వంతును మించిపోతుంది.

కొత్త నిబంధనకు వస్తే, పుదీనాలోను సోపులోను జీలకర్రలోను పదో వంతు లెక్కకట్టి ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన పరిసయ్యులను యేసు గద్దించాడు. అయితే వాటిని ఇవ్వడం మానమని చెప్పలేదు. పౌలు కొరింథు సంఘానికి రాసినప్పుడు ఏ వంతూ చెప్పలేదు. ఎవరికి వారు వర్ధిల్లిన కొలది, వారపు మొదటి రోజున, తమ దగ్గర కొంత తీసి నిలవ చేయమన్నాడు. ఈ వాక్యాలన్నీ కలిపి చదివాక నా అభిప్రాయం ఇది: పదో వంతు నడక నేర్చుకునే పిల్లవాడు పట్టుకునే గోడ లాంటిది. దాన్ని పన్నుగా వసూలు చేసేవారితో నేను ఏకీభవించను. మనం కృప కింద ఉన్నాం కాబట్టి లెక్కే అక్కర్లేదని చెప్పి చివరికి నూటికి ఒకటి కూడా ఇవ్వనివారితోనూ ఏకీభవించను.

ఆదాయం ఏదో, కానిది ఏదో తేల్చుకోండి

ఇక కాగితం, కలం తీసుకోండి. భార్యాభర్తలైతే ఇద్దరూ కూర్చోండి. భర్త ఒక్కడే నిర్ణయించి భార్యకు తరువాత తెలియజేసిన దశమ భాగాలు ఎన్నో నెలలు నిలబడకపోవడం నేను చూశాను, భార్య చీటీ డబ్బులోంచి రహస్యంగా తీసి ఇచ్చినవాటి వల్ల ఇళ్లలో గొడవలు రావడమూ చూశాను. మీ జీవిత భాగస్వామికి ఈ విశ్వాసం లేకపోతే, మీ సొంత సంపాదనలోంచి, వారికి తెలిసేలా ఇవ్వండి. వారి సంపాదనను మీ భక్తికి లెక్క కట్టవద్దు.

నెల జీతం ఉన్నవారికి లెక్క సులువు. మొత్తం జీతం మీద తీయాలా, చేతికి వచ్చినదాని మీద తీయాలా అన్న ప్రశ్న దగ్గర చాలామంది ఏళ్ల తరబడి ఆగిపోతారు. రెండూ చేయవచ్చు, కానీ ఒకటి ఎంచుకొని దానికి కట్టుబడాలి. చేతికి 34,600 రూపాయలు వస్తే 3,460 తీయండి. భవిష్యనిధికి (పీఎఫ్) కోత పడినదాన్ని ఇప్పుడు లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి, ఉద్యోగ విరమణనాడు ఆ సొమ్ము చేతికి వచ్చినప్పుడు దాని పదో వంతును గుర్తుపెట్టుకోండి. మొత్తం జీతం మీద ఇస్తూ వచ్చినవారు అప్పుడు మళ్లీ మొదటినుంచి లెక్క కట్టనవసరం లేదు, మధ్యలో చేరిన యజమాని వాటా, వడ్డీ చూసుకుంటే చాలు. పండుగ బోనసు, ఓవర్‌టైము, పింఛను, ఇంటి అద్దె ఇవన్నీ ఆదాయమే.

వ్యవసాయం చేసేవారికి మాత్రం కాస్త ఓపిక కావాలి. రెండెకరాలు కౌలుకు చేసే కుటుంబాన్ని తీసుకుందాం. ఎకరాకు 28 చొప్పున 56 బస్తాల వడ్లు పండాయి, కౌలుకు 26 బస్తాలు పోయాయి, కళ్లంలో 30 బస్తాలు మిగిలాయి. మిగిలినదంతా ఆదాయమని లెక్క కడితే మూడు బస్తాలు దేవుని భాగం. కానీ విత్తనాలకు, దుక్కికి, ఎరువులకు, కోత మిషనుకు కలిపి 34,000 రూపాయలు ఖర్చయ్యాయనుకోండి. బస్తా 1,700 చొప్పున 30 బస్తాలకు వచ్చేది 51,000, అందులో ఖర్చు పోగా మిగిలింది 17,000, దాని పదో వంతు 1,700, అంటే సరిగ్గా ఒక బస్తా. ఇంటిల్లిపాది పడిన కష్టాన్ని ఇందులో వెల కట్టనే లేదు. పాత నిబంధన కాలపు రైతు కళ్లం మీదనే భాగం తీశాడు, నిజమే. అతనికి ఎరువుల కొట్టు బాకీ లేదు. కాబట్టి కౌలు రైతు ఒక బస్తా ఇస్తే తక్కువ ఇచ్చాడని ఎవరైనా అంటే ఆ మాటను పట్టించుకోకండి. సొంత భూమి, నీటి వసతి ఉండి, పెట్టుబడికి అప్పు చేయనవసరం లేని రైతు మాత్రం మూడు బస్తాల లెక్క వైపు చూడడం మంచిది.

చిన్న దుకాణం నడిపేవారు గల్లాపెట్టెలో పడిన మొత్తాన్ని చూసి భయపడవద్దు. సరుకు ఖరీదు, అద్దె, కరెంటు బిల్లు పోగా మిగిలిన లాభమే మీ ఆదాయం. ఆ లాభాన్ని నెలనెలా తేల్చుకోలేకపోతే, ఇంటి ఖర్చుకు దుకాణంలోంచి తీసుకునే ప్రతి మొత్తంలో పదో వంతు పక్కన పెట్టి, ఏడాది చివర మిగతాది సరిచూసుకోండి. రోజు కూలికి వెళ్లేవారు శనివారం సాయంత్రం ఆ వారం కూలిని ఒకచోట పెట్టి తీయడం తేలిక.

ఆదాయం కానివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో మనవాళ్లు అమాయకంగా నష్టపోతారు. పాడిన చీటీ సొమ్ము మీ ఆదాయం కాదు, అందులో కొంత మీరు కట్టినది, మిగతాది ఇంకా కట్టవలసినది. బ్యాంకు ఇచ్చిన పంట రుణం ఆదాయం కాదు. నగలు కుదువ పెట్టి తెచ్చుకున్న డబ్బు అసలే కాదు. ఒకసారి ఒక సోదరుడు ఇంటి నిర్మాణానికి బ్యాంకు ఇచ్చిన రుణంలో పదో వంతు కవరులో పెట్టి తెస్తే, పాస్టరు గారు దాన్ని తిరిగి ఆయన చేతిలో పెట్టి పంపించారు. ఆ రోజు మా పాస్టరు గారి మీద నాకున్న గౌరవం పెరిగింది. లంచంగా వచ్చినది, తూకంలో మోసం చేసి మిగుల్చుకున్నది కూడా ఈ లెక్కలోకి రావు. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అలాంటి సొమ్ములో పది శాతం కానుకగా వేస్తే మిగతా తొంభై శుద్ధి కాదు.

తీయవలసినదాన్ని మొదటి రోజే తీయండి

జీతం పడిన రోజునే, పాలవాడికీ కిరాణా కొట్టుకూ ఇవ్వకముందే, ఆ మొత్తాన్ని వేరు చేయండి. నెలాఖరున మిగిలినదానిలోంచి ఇద్దామనుకున్నవారికి మిగలదు. ఇది బలహీనత అని కూడా అనను, డబ్బు స్వభావమే అది. రెండో బ్యాంకు ఖాతా ఉంటే అందులోకి పంపండి, లేకపోతే బీరువాలో ఒక డబ్బా చాలు. పిల్లలు ఎదుట ఉన్నప్పుడు ఆ డబ్బాలో వేయండి, ఎందుకు వేస్తున్నారో ఒక్క మాటలో చెప్పండి. వారికి ఇచ్చే చేతిఖర్చులోంచి పది రూపాయలకు ఒక రూపాయి వారే తీసి వేసేలా చూస్తే, పెద్దయ్యాక లక్ష రూపాయల జీతంలోంచి పదివేలు తీయడం కష్టమనిపించదు. మొదటిసారిగా పదివేలు తీయవలసిన వాడి చేయి మాత్రం వణుకుతుంది.

లేవీయకాండము 27లో మందను కోల కింద నడిపిస్తూ పదోది ఏది వస్తే దాన్ని ప్రతిష్ఠించమని ఉంది. అది మంచిదా చెడ్డదా అని పరీక్షించకూడదు, మార్చకూడదు. కాపరి బక్కదాన్ని వెతికి పెట్టే వీలూ లేదు, భక్తి చూపించుకోవడానికి బలమైనదాన్ని వెతికే అవసరమూ లేదు. మన ఇళ్లలో దీనికి సమానమైన పద్ధతి జీతం పడగానే లెక్క ప్రకారం తీయడమే. ఈ నెల ఫీజులు ఉన్నాయి, వచ్చే నెల చూద్దాం అన్న బేరం కోల దగ్గర కుదరదు.

నగదు ఆదాయం లేని ఇళ్లలో పిడికెడు బియ్యం పద్ధతి ఇప్పటికీ ఉపయోగపడుతుంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోయవలసిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు. మిజోరంలో 1910లో మొదలైన ఈ అలవాటు అక్కడి సంఘాల సువార్త పనికి ఇప్పటికీ పెద్ద ఆధారం. మన పల్లెల్లోనూ చాలా సంఘాలు స్త్రీల సమాజాల చేతుల్లోని ఈ బియ్యంతోనే, ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలను పోషించుకున్నాయి. దోర్నకల్ సంగతి ఇక్కడ చెప్పాలి. 1903లో తిరునెల్వేలి ప్రాంతపు తమిళ క్రైస్తవులు విదేశీ డబ్బు ఆధారం లేకుండా తమ కానుకలతోనే ఒక మిషనరీ సంఘాన్ని పెట్టుకొని, తమలోనివారిని తెలుగు పల్లెలకు పంపారు. ఆ సంఘం తరఫున 1909లో దోర్నకల్‌కు వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్‌కే బిషప్పు అయ్యాడు. పూట గడవని కూలి కుటుంబాలకు కూడా ఇవ్వడం నేర్పాలని ఆయన పట్టుబట్టాడు. పేదవాడు కాబట్టి పుచ్చుకోవడమే అతని వంతు అనుకోవడం పేదవాడిని అవమానించడమే అన్నది ఆ పట్టుదల వెనుక ఉన్న ఆలోచన. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథెడ్రల్‌ను చూడడానికి వెళ్లినవారు ఆ గోపురాల కింద ఒక్క నిమిషం ఈ సంగతి తలచుకోవచ్చు.

అప్పులు ఉన్నప్పుడు

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి, ఎందుకంటే నన్ను ఒంటరిగా పిలిచి అడిగినవారిలో ఎక్కువమంది అడిగింది ఇదే. నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చుకున్న మనిషి నెలకు 1,500 వడ్డీకే కడుతున్నాడు. ఏడాదికి అది నూటికి 36. అతను దశమ భాగం ఇవ్వడం కోసం మరో వెయ్యి అప్పు చేస్తే, దేవునికి ఇచ్చిందెంతో వడ్డీ వ్యాపారికి ఇచ్చిందెంతో విడదీయలేం. అప్పు చేసి కానుక ఇవ్వవద్దు. కూలివాడికో పనిమనిషికో ఇవ్వవలసిన కూలి ఆపి కానుక ఇవ్వడం ఇంకా తప్పు. ఆ బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రికలో ఉంది.

అయితే అప్పు తీరేదాకా ఏమీ ఇవ్వకుండా ఉండిపోవాలని కూడా నేను చెప్పను. నూటికి రెండో మూడో నిర్ణయించుకొని, దాన్ని పదో వంతు ఇచ్చేవాడు ఎంత క్రమంగా ఇస్తాడో అంతే క్రమంగా ఇవ్వండి. ఒక కాగితం మీద అప్పుల జాబితా రాసి, ఏ అప్పు తీరిన నెల నుంచి ఎంత పెంచుతారో పక్కనే రాయండి. ఉన్నదాన్ని బట్టి ఇచ్చేది అంగీకారమవుతుంది గాని లేనిదాన్ని బట్టి కాదని కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో పౌలు స్పష్టంగా చెప్పాడు. గొర్రెపిల్లను తేలేనివారు రెండు గువ్వలను, అవీ తేలేనివారు కొద్దిపాటి పిండిని తెచ్చేలా లేవీయకాండము 5వ అధ్యాయంలోనే మెట్లు ఉన్నాయి. యేసును ఆలయానికి ఎత్తుకొచ్చిన నాడు మరియ, యోసేపులు పేదల మెట్టు మీదే నిలబడ్డారు.

ముసలి తల్లిదండ్రుల మందుల ఖర్చు మీ మీద ఉంటే అది ముందు చూడండి. తల్లిదండ్రులకు చేరవలసినదాన్ని కొర్బాను (దేవునికి అర్పితం) అని చెప్పి ఎగవేసే ఆచారాన్ని యేసు ఎంత కఠినంగా ఖండించాడో మార్కు 7లో చదివితే, ఊళ్లో తల్లిని ప్రభుత్వ పింఛను మీద వదిలేసి పట్నంలో గుడికి పాలరాతి నేల వేయించేవారి మీద నాకు కోపం ఎందుకు వస్తుందో అర్థమవుతుంది.

మొక్కుబడి గురించి ఒక మాట. ఆసుపత్రి వరండాలో, ఆపరేషను జరుగుతున్నప్పుడు, మనిషి ఏదైనా మొక్కుకుంటాడు. మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి చెప్పాడు. మొక్కుకుంటే అదే రాత్రి తేదీతో సహా రాసిపెట్టండి, మొత్తం ఎక్కువైతే ఎన్ని వాయిదాల్లో చెల్లిస్తారో రాయండి. అది దశమ భాగంలోంచి తీసి చెల్లించేది కాదు, దానికి అదనం.

త్యాగం మీ దగ్గర మొదలవ్వాలి

దశమ భాగం అలవాటైన కొన్నేళ్లకు అది నొప్పి తెలియని స్థితికి వస్తుంది. కరెంటు బిల్లులాగా ఒకటో తారీఖున వెళ్లిపోతుంది. అప్పుడు దావీదు మాట గుర్తుకు తెచ్చుకోవాలి. అరౌనా తన కళ్లాన్నీ ఎడ్లనూ ఉచితంగా ఇస్తానంటే, వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవునికి దహనబలిగా అర్పించనని చెప్పి యాభై తులాల వెండి తూచి కొన్నాడు. కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి దగ్గర ప్రభువు చూసింది కూడా ఆమెకు ఏమి మిగిలిందన్నదే.

ఈ త్యాగం దగ్గర నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక ఏడాది శ్రమకాలపు నలభై రోజులు మాంసం మానేసి, ఆ ఖర్చును ప్రక్కన పెట్టి ఈస్టరునాడు ఇస్తానని గొప్పగా ప్రకటించాను. పిల్లలకు కోడికూర కావాలి, నాకు పప్పు కావాలి. నలభై రోజులూ నా భార్య రెండు వంటలు చేసింది. ఈస్టరు ఉదయం నేను కవరు వేసి కూర్చున్నాక ఆవిడ నవ్వుతూ, "కవరు మీద నా పేరు కూడా రాశారా?" అని అడిగింది. అప్పటినుంచి నేను ఏదైనా మానేయాలనుకుంటే ముందు అడుగుతున్న ప్రశ్న ఒకటే, దీని భారం ఎవరు మోస్తారు? పిల్లల ఫీజు ఆలస్యం చేసి ఇచ్చినది పిల్లల త్యాగం. పనిమనిషి జీతం పెంచకుండా ఇచ్చినది ఆమె త్యాగం. నా పేరు మీద రాసుకోవాలంటే అది నాకే తగలాలి.

కాబట్టి మీకు మాత్రమే చెందిన ఒకదాన్ని ఎంచుకోండి. రోజూ ఆఫీసు బయట తాగే రెండు టీలు కావచ్చు. కప్పు 15 రూపాయల చొప్పున నెలకు 25 పని రోజుల్లో అది 750 అవుతుంది. బాగా పనిచేస్తున్న ఫోను ఉండగా కొనాలనుకున్న కొత్త ఫోను కావచ్చు, ఫంక్షనుకు తీసుకోవాలనుకున్న మరో పట్టుచీర కావచ్చు. ఎంచుకున్నదానికి గడువు పెట్టండి, మిగిలిన డబ్బును ఆ రోజే డబ్బాలో వేయండి. మానేసి డబ్బు ఖాతాలోనే ఉంచితే అది పొదుపు అవుతుంది, మంచిదే, కానీ వేరే విషయం. బీరువా ఖాళీ చేసుకోవడానికి ఇచ్చే పాత బట్టలను త్యాగం కింద లెక్క వేయకండి.

డబ్బు లేనివారికి, డబ్బు చాలా ఉన్నవారికి కూడా సమయమే కష్టమైన కానుక. ఎలక్ట్రీషియను అయితే నెలకొక శనివారం విధవరాళ్ల ఇళ్లలో స్విచ్చులు బాగుచేయవచ్చు. ఉపాధ్యాయులు వారానికి రెండు సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. కోత పండుగకు గుమ్మడికాయ, కోడిపెట్ట, మొదటి గెల అరటిపళ్లు తెచ్చే అలవాటును పట్నం వచ్చాక వదిలేయకండి. ఆరాధన తరువాత జరిగే వేలంలో అరవై రూపాయల గుమ్మడికాయ తొమ్మిది వందలకు పోతుంటే వచ్చే నవ్వులు, పాడుకున్నవాడు దాన్ని మళ్లీ వేలానికి ఇచ్చేయడం, ఇవన్నీ ద్వితీయోపదేశకాండములో దేవుని ఎదుట తిని సంతోషించమన్న మాటకు మన ఊళ్లలో నాకు కనిపించిన అతి దగ్గరి రూపం.

ఎవరికి, ఏ చేత్తో ఇవ్వాలి

మొదటి హక్కు మీరు ప్రతివారం కూర్చుని వాక్యం వినే సంఘానిది. మీ ఇంట్లో చావు జరిగితే వచ్చేది అక్కడి పాస్టరు గారే. టీవీలో కనిపించే ప్రసంగీకుడు రాడు. లేవీయులు తమకు వచ్చిన దశమ భాగంలో మళ్లీ పదో వంతు ఇచ్చినట్టే, పాస్టర్లు కూడా తమ జీతంలోంచి ఇవ్వాలి. అది అడగడం అమర్యాద కాదు. మూడో ఏటి దశమ భాగాన్ని గుర్తుపెట్టుకొని మీరు ఇచ్చేదానిలో కొంత నేరుగా పేదలకు వెళ్లేలా చూసుకోండి. నేను నాలుగింట మూడు వంతులు సంఘానికి, ఒక వంతు మా వీధిలో నాకు ముఖాలు తెలిసిన రెండు కుటుంబాలకు ఇస్తున్నాను. ఈ నిష్పత్తి వాక్యం చెప్పినది కాదు, నేను పెట్టుకున్నది.

వెయ్యి విత్తితే లక్ష కోస్తారని, ఈ రాత్రే ఈ నంబరుకు పంపితే అప్పు తీరిపోతుందని చెప్పేవారికి ఒక్క రూపాయి కూడా పంపకండి. దేవుడు అనుగ్రహించడని నేను చెప్పడం లేదు. లాభం కోసం పెట్టేదాన్ని పెట్టుబడి అంటారు, దానికి దుకాణాలు వేరే ఉన్నాయి. ప్రత్యక్ష గుడారానికి కావలసినదానికంటే ఎక్కువ వచ్చిందని పనివారు చెప్పగానే ఇక తేవద్దని మోషే పాళెమంతా చాటించాడని నిర్గమకాండము 36లో ఉంది. చాలు అని చెప్పగలిగిన నాయకుడికి ధైర్యంగా ఇవ్వవచ్చు.

ఇచ్చేటప్పుడు కవరు మీద దేనికోసమో రాయండి: దశమ భాగం, కృతజ్ఞత కానుక, సంఘ చందా, మందిర నిర్మాణం, ఏదైతే అది. రాయకపోతే కోశాధికారి సాధారణ నిధిలో కలిపేస్తాడు, తరువాత విడదీయలేడు. రసీదు తీసుకోండి. యూపీఐ ద్వారా పంపితే సంఘం పేరు మీద ఉన్న ఖాతాకే పంపండి, ఎవరి సొంత నంబరుకూ వద్దు. ఏడాదికొకసారి లెక్కలు సభలో చదివి వినిపిస్తున్నారా, లెక్కలు తనిఖీ చేసినవారు ఎవరో సభ్యులకు తెలుసా అని అడగండి. యెరూషలేము పేదల కోసం పోగైన సొమ్మును చేరవేసేటప్పుడు తనమీద ఎవరూ తప్పు మోపకుండా పౌలు తీతుతో పాటు మరికొందరు సహోదరులను పంపాడు. అపొస్తలుడికే సాక్షులు అవసరమైనప్పుడు మాలాంటి కోశాధికారులకు మరీ అవసరం.

చట్టం విషయం క్లుప్తంగా. ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే తగ్గింపు (80జి అని పిలుస్తూ వచ్చినది) వస్తుందని ఆశించి చర్చికి ఇచ్చేవారు ముందే తెలుసుకోవాలి: ఒకే మతస్థుల కోసం నడిచే సంస్థలకు ఇచ్చినదానికి సాధారణంగా ఆ తగ్గింపు వర్తించదు, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అసలే వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అది లేదు. విదేశాల్లో ఉన్న మన పిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. భారత పౌరసత్వం ఉన్నవారు డల్లాస్‌లో ఉన్నా దుబాయ్‌లో ఉన్నా తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఊరి సంఘానికి పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నప్పటికీ, పంపితే అది విదేశీ విరాళమే. ఆ సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. అమ్మగారి ఖాతాకు పంపి అక్కడినుంచి గుడికి మళ్లించమని చెప్పడం వల్ల చిక్కుల్లో పడేది మీరు కాదు, ఆ పల్లెలోని పాస్టరు గారు.

పేరు విషయంలో నాకు కొంత చాదస్తం ఉందని మావాళ్లు అంటారు. కుడిచెయ్యి చేసేది ఎడమచెయ్యికి తెలియకూడదన్న ప్రభువు మాటను చదివే గుడిలోనే, తలెత్తి చూస్తే ఫ్యాను రెక్క మీద దాత పేరు గిరగిర తిరుగుతుంటుంది. మూడు రెక్కల మీదా మూడు పేర్లు రాయించిన ఫ్యానును కూడా నేను చూశాను. మీరు ఫ్యాను ఇస్తే పేరు లేకుండా ఇవ్వండి, వేసవిలో దాని కింద కూర్చున్నవారికి గాలి అంతే వస్తుంది.

ఏడాదికొకసారి తిరిగి చూసుకోండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లే ముందు ఆ ఏడాది కాగితాన్ని బయటకు తీయండి. ఆదాయం ఎంత పెరిగింది, ఇచ్చినది అంతే నిష్పత్తిలో పెరిగిందా, ఏ నెలలో తప్పింది, ఎందుకు తప్పింది అని ఇద్దరూ కలిసి చూడండి. తప్పిన నెలలకు లేవీయకాండము అయిదో వంతు కలిపి చెల్లించమన్నట్టు ఏ జరిమానా వేసుకోకండి. ఆ నియమం భాగాన్ని విడిపించుకొనేవారి కోసం, మరిచిపోయినవారి కోసం కాదు. వీలైతే వచ్చే ఏడాదికి నూటికి ఒక్కటి పెంచండి. పది దాటాక పదకొండు, ఆ తరువాత పన్నెండు. జీతం రెట్టింపైన ఇంట్లో ఖర్చు కూడా రెట్టింపు కావాలన్న నియమం ఎక్కడా లేదు కాబట్టి, పెరిగిన జీతంలో సగాన్ని ముందే దేవుని పనికి అనుకున్న ఒక కుటుంబం నాకు తెలుసు. వారు ఇప్పటికీ పాత స్కూటరు మీదే గుడికి వస్తారు.

ఉద్యోగం పోయిన నెల, పంట మునిగిన ఏడాది కూడా వస్తాయి. సున్నాలో పదో వంతు సున్నాయే. ఖాళీ చేతులతో వెళ్లాలంటే సిగ్గుగా ఉందని ఆ నెలల్లో గుడికి రావడం మానేసినవారి ఇళ్లకు నేనూ పెద్దలూ చాలాసార్లు వెళ్లాం, వారితో చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను: మీ చోట మీరు కూర్చోండి, పాట పాడండి, సంచి మీ దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని రెండు చేతులతో అందుకొని పక్కవారికి అందించండి.